పెంగ్విన్లకు మొహమాటం

న్యూజెర్సీలోని రారిటన్ వ్యాలీ తెలుగు సమితి చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన ఘట్టం 1985వ సంవత్సరం జూన్ నెలలో ఒక శనివారం ఉదయం, మేపుల్ హాలో వైల్డ్‌లైఫ్ పార్కులో జరిగింది. ఆ రోజు సమితి కుటుంబాలు స్వహస్తాలతో పెంగ్విన్లకు భోజనం పెట్టాయి. పెంగ్విన్లు తిన్నాయి. ఆ తరవాత జరిగినదాని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి గాని, మర్యాదకు లోటు రాలేదన్న విషయంలో మాత్రం ఈనాటికీ అందరిదీ ఒకటే మాట.

పార్కువారు దాన్ని పిల్లల సరదాగా ఏర్పాటు చేశారు. పిల్లలు పెంగ్విన్ల మధ్యకు వెళ్లి చేత్తో చేప అందించవచ్చు. పెద్దలు పక్కన నిలబడి చూడవచ్చు. అరగంటలో అంతా ముగిసి ఇళ్లకు వెళ్లిపోవచ్చు. ఏ పనినైనా ఇలా కురచ చేసుకునే దురలవాటు అమెరికావాళ్లకు ఉంది. సమితి కార్యవర్గం ఆ లోపాన్ని సవరించింది. కార్యక్రమానికి 'పెంగ్విన్లకు ఆహార ప్రదాన మహోత్సవం' అని పేరు పెట్టింది. అధ్యక్షోపన్యాసం పెట్టింది. ముఖ్య అతిథిని పెట్టింది. వందన సమర్పణ పెట్టింది. వ్యవధి మిగిలితే పిల్లలను కూడా పెట్టాలని తీర్మానించింది.

ఇన్నీ ఏర్పాటు చేసినవాడు సమితి కార్యదర్శి శ్రీధర్. ఎడిసన్‌లో ఒక రంగుల కంపెనీలో కెమికల్ ఇంజనీరు. సాయంత్రం దాకా కంపెనీకి, ఆ తరవాత సమితికి పనిచేస్తాడు. మిగతా సమయమంతా భార్య సుమతిదీ కూతురు నళినిదీ.

నళినికి తొమ్మిదేళ్లు. ఆ పిల్లకు పెంగ్విన్లంటే ప్రాణం. గదిలో గోడ మీద పెంగ్విన్లు, దుప్పటి మీద పెంగ్విన్లు. ఆ ఏడాది ఆమె పుట్టినరోజు ఉగాది నాటకం రిహార్సల్స్‌లో కొట్టుకుపోయింది. స్కూల్లో ఆమె పాడిన రోజున శ్రీధర్ విమానాశ్రయంలో పూలదండతో ఒక హరికథా విద్వాంసుడి కోసం నిలబడి ఉన్నాడు. ఈసారి మాత్రం కూతురి చేతిలో చెయ్యి వేసి చెప్పాడు.

"మొట్టమొదటి చేప నీదే. ప్రామిస్."

"డాడీ, నువ్వు లాస్ట్ టైమ్ కూడా ప్రామిస్ అన్నావు."

"లాస్ట్ టైమ్ మీ స్కూల్ ఆడిటోరియంలో, అమ్మా. అక్కడ నా చేతిలో ఏమీ లేదు. ఇది నేను బుక్ చేసిన ప్రోగ్రాం."

నళిని ఒప్పుకుంది. పిల్లలకు అనుభవం తక్కువ.

చేపల విషయంలో కార్యవర్గంలో కొంత తర్జనభర్జన జరిగింది. సభ్యుల్లో సగంమంది శాకాహారులు. సమితి పేరు మీద చేప ముట్టుకోవచ్చునా అన్న ప్రశ్న లేచింది. అధ్యక్షుడు డాక్టర్ భీమశంకర్ తీర్పు చెప్పాడు: చేప పార్కువారిది, చెయ్యి మాత్రమే సమితిది. ఆ చేతికి కూడా అంటు లేకుండా ఆయనే ఆసుపత్రి నుంచి ఆపరేషన్ తొడుగులు తెచ్చి పంచాడు. భీమశంకర్ మత్తుమందు డాక్టరు. ఆసుపత్రిలో మనుషులను నిద్రపుచ్చడానికి ఆయనకు మందు అవసరమవుతుంది. సభల్లో అవసరం పడదు.

శనివారం ఉదయం కార్లు బారులు తీరి పార్కు చేరాయి. పెంగ్విన్ల ఆవరణలో మధ్యన నీలం రంగు వేసిన కొలను ఉంది. చుట్టూ రాళ్లు ఉన్నాయి. రాళ్ల మీద మోకాలెత్తు పెంగ్విన్లు ఉన్నాయి. ఇవి మంచులో ఉండే రకం కాదు, ఎండను ఓర్చుకునే ఆఫ్రికా రకం. అయినా సభ్యులందరూ ముందుజాగ్రత్తగా స్వెట్టర్లు తెచ్చుకున్నారు. పెంగ్విన్లను సంరక్షించే అమ్మాయి పేరు కేథీ. రబ్బరు బూట్లు వేసుకుని, చేపల బకెట్టుతో వచ్చి, పిల్లలను దగ్గరికి పిలిచి, చేప తల ముందుగా నోట్లోకి వెళ్లేలా పట్టుకోవాలని చూపించింది. నళిని అందరికంటే ముందు నిలబడి, ఉత్త చేతిని చేపలా తిప్పి సాధన చేసింది. తొడుగు ఆమె మోచేతిదాకా వచ్చింది.

"ఎవరు మొదలుపెడతారు?" అంది కేథీ.

నళిని చెయ్యెత్తింది. సరిగ్గా ఆ క్షణంలో ఆమె వెనక, రెండు రాళ్ల మధ్య, సమితి బ్యానరు లేచింది. దాని ముందు మడత కుర్చీలు వెలిశాయి. భీమశంకర్ గొంతు సవరించుకున్నాడు.

అధ్యక్షోపన్యాసం ప్రారంభమైంది. తెలుగువాడు ఎక్కడ అడుగుపెట్టినా అన్నం పెట్టే చేతితోనే అడుగుపెట్టాడని ఆయన ప్రకటించాడు. చేతితో అడుగు ఎలా పెడతారని ఎవరూ అడగలేదు. బకెట్టు చూసి పెంగ్విన్లన్నీ వచ్చి కుర్చీల ముందు వరుసగా నిలబడ్డాయి. నల్లకోటు, తెల్లచొక్కా. ఉపన్యాసం సాగినంతసేపూ అవి వక్త వైపు ఒక్కసారి కూడా చూడకుండా, తిండి ఉన్న వైపే చూస్తూ ఓపికగా నిలబడ్డాయి. ఇటువంటి శ్రోతలు సమితికి కొత్త కాదు.

తరవాత ముఖ్య అతిథి అనంతరామయ్యగారు లేచారు. ఆయన పశుసంవర్ధక శాఖలో పెద్ద పదవిలో రిటైరై, ఐసెలిన్‌లో కొడుకు ఇంట్లో వేసవి గడపడానికి వచ్చారు. పెంగ్విన్ల మీద సాధికారంగా మాట్లాడగలవారు న్యూజెర్సీ తెలుగువారిలో ఆయన ఒక్కరే.

"పెంగ్విన్ అనేది పక్షి," అన్నారాయన. సభ్యులు చప్పట్లు కొట్టారు. "కోడి కూడా పక్షే. నా హయాంలో జిల్లాలో టీకా పడని కోడి లేదని గర్వంగా మనవి చేస్తున్నాను. ఆ దృష్టితో చూస్తే ఈ పెంగ్విన్లు నాకు పరాయివి కావు."

అక్కణ్నుంచి ఆయన ముర్రా జాతి గేదెల్లోకి వెళ్లారు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. గేదె పాలలో వెన్నశాతం గురించి చెబుతుండగా ఒక పెంగ్విన్ తలెత్తి, అచ్చం గాడిద ఓండ్రపెట్టినట్టు, ఆవరణ దద్దరిల్లేలా అరిచింది. ఆయన చేతులు జోడించి ఆ స్పందనను స్వీకరించారు.

కేథీ గడియారం చూసుకుని శ్రీధర్ దగ్గరికి వచ్చింది. "వీటికి ఆకలి వేస్తోంది. పిల్లలను పంపిస్తారా?"

"వెంటనే," అన్నాడు శ్రీధర్. అతను నిజంగానే కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. నళిని ఒక అడుగు ముందుకు వేసింది కూడా.

"శుభమా అని మొదలుపెడుతున్నాం," అన్నాడు భీమశంకర్. "పెద్దల చేతుల మీదుగా జరగాలి కదయ్యా, సెక్రటరీగారూ."

ఇందులో కాదనడానికి ఏముంది? పెద్దల చేతుల మీదుగా జరగని పని మనవాళ్లలో జరిగినట్టు లెక్కకాదు. శ్రీధర్ కూతురి చెవిలో, "తాతగారి తరవాత నువ్వే," అన్నాడు. అనంతరామయ్యగారు మొదటి చేప వేశారు. ఫోటో సరిగ్గా పడలేదని మళ్లీ వేశారు. ఆయన భార్య రాజేశ్వరమ్మగారు ముఖం పక్కకు తిప్పుకుని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, రెండు వేళ్లతో వేశారు. ఆ తరవాత అధ్యక్షుడు వేశాడు. అధ్యక్షుడి భార్య వేసింది. ఒంటరిగా వేస్తే శుభం కాదని ఇద్దరూ కలిసి వేశారు.

"డాడీ, ఇప్పుడు నేనా?"

"ఇదిగో, నువ్వే."

అప్పుడే ప్రమాదం ముంచుకొచ్చింది. ఉపాధ్యక్షుడు జగన్మోహన్ పేరు ఎవరూ పిలవలేదు. ఇండియాలో అయితే ఇలాంటప్పుడు మనిషి లేచి వెళ్లిపోతే చాలు. అమెరికాలో అలగాలంటే కారు తాళాలు బయటికి తియ్యాలి. జగన్మోహన్ తాళాలు తీసి, అందరికీ వినపడేలా ఆడిస్తూ, పార్కింగ్ లాట్ వైపు మెల్లగా, ఎవరైనా పరుగెత్తి అందుకోగలిగినంత మెల్లగా నడుస్తున్నాడు. ఆయన వెంట మిత్రబృందం కదిలితే సాయంత్రానికి సమితి రెండవుతుంది. శ్రీధర్ పరుగెత్తాడు. చెయ్యి పట్టుకున్నాడు.

"వదిలెయ్ శ్రీధర్. చేప పెద్ద విషయం కాదు. రెస్పెక్ట్ ముఖ్యం."

"అన్నా, మీరు లేకుండా పెంగ్విన్ తింటుందా అన్నా?"

ఈ మాటకు జగన్మోహన్ కరిగాడు. నళిని చేతికి అందబోతున్న చేప ఆయన చేతిలోకి వెళ్లింది. ఆయన మిత్రబృందానికి కూడా తలా ఒకటి వెళ్లింది. సమితి ఐక్యత నిలబడింది.

ఇక పిల్లలు. ఇక్కడ శ్రీధర్‌కు మరో చిక్కు వచ్చింది. వడ్డించేవాడి ఇంటివాళ్లు ఆఖరి పంక్తిలో కూర్చోవాలి. కార్యదర్శి తన కూతురిని ముందు నిలబెడితే లోకం ఏమంటుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. వరుసలో మొదట నిలబడ్డ నళినిని తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చివర నిలబెట్టాడు. "నువ్వు గుడ్ గర్ల్‌వి కదా," అన్నాడు. సుమతి అతని వైపు ఒక చూపు చూసింది. సమితి నియమావళిలో ఆ చూపుకు సమాధానం లేదు.

పిల్లల వరుస సగానికి వచ్చేసరికి పెంగ్విన్లు ముక్కులు తిప్పుకోవడం మొదలుపెట్టాయి.

"కడుపు నిండింది. ఇక తినవు," అంది కేథీ.

రాజేశ్వరమ్మగారు నవ్వారు. "అయ్యో పాపం! మొహమాటపడుతున్నాయి."

ఆ మాటతో అందరికీ విషయం బోధపడింది. ఇంతసేపూ ఇది తోచనందుకు కొందరు సిగ్గుపడ్డారు కూడా. భీమశంకర్ ఇంగ్లీషులో కేథీకి వివరించాడు. మా సంస్కృతిలో మొదటిసారి వద్దంటే వినయం. రెండోసారి వద్దంటే మర్యాద. మూడోసారి వద్దంటే వడ్డించమని అర్థం. వద్దనగానే ఊరుకుంటే పెట్టడం ఇష్టంలేదని అవతలివాళ్లు బాధపడతారు.

"ఇవి పెంగ్విన్లు," అంది కేథీ.

"అతిథి అతిథే," అన్నాడు భీమశంకర్. ఇంతటి విశాలహృదయాన్ని ఆ అమ్మాయి అదివరకు చూసి ఉండదు.

ఇక కొసరడం మొదలైంది. పిల్లలను పక్కకు జరిపి పెద్దలే రంగంలోకి దిగారు. పిల్లలకు ఈ విద్య చేతకాదు.

"నా మాట మీద ఒక్కటి."

"ఆయన పెడితే తిన్నావు, నేను పెడితే తినవా? నేనేం పాపం చేశాను?"

"చిన్న చేపే, బాబూ. సందున పడిపోతుంది."

ఒక పెంగ్విన్ చేపను ముక్కుతో అందుకుని కింద పడేసింది. అందుకుంది కాబట్టి తిన్నట్టేనని తీర్మానించి దానికి ఇంకొకటి పెట్టారు. మరొకటి తిన్నదాన్ని కక్కేసింది. కడుపులో చోటు అయింది కదా అని దానికీ పెట్టారు. మూడోది రాళ్ల వెనక దాక్కుంటే జగన్మోహన్ బృందం రెండు వైపుల నుంచీ వెళ్లి బతిమాలింది. చివరకు అవి ఒకదాని వెనక ఒకటి కొలనులోకి దూకేశాయి. తెలుగువారి ఆతిథ్యాన్ని తట్టుకుని గట్టు మీద నిలబడింది ఒకే ఒక్క పెంగ్విన్. దాని రెక్కకు పసుపుపచ్చ పట్టీ ఉంది.

బకెట్టులో చేపలు ఉన్నాయి. మిగతా పిల్లలు పెంగ్విన్లను చూడడానికి కొలను చుట్టూ చేరారు, వరుసలో చివరి పిల్ల ఒక్కతే మిగిలింది. ఆలస్యమైనా శ్రీధర్ మాట నిలబడుతోంది.

"వెళ్లమ్మా నళినీ. ఇప్పుడు నీదే."

నళిని వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుంది. నేర్పినట్టే చేప తల ముందుకు పెట్టి, చెయ్యి చాపి, కదలకుండా ఉంది. పెంగ్విన్ చేపను చూసింది. పిల్లను చూసింది. ముక్కు పక్కకు తిప్పుకుంది.

నళిని చేపను బకెట్టులో వేసేసింది.

సభలో హాహాకారాలు లేచాయి.

"అదేమిటే! అలా వదిలేస్తావా?" అన్నారు రాజేశ్వరమ్మగారు.

"వాడు వద్దన్నాడు, గ్రాండ్మా."

"మళ్లీ అడగాలి, తల్లీ," అన్నాడు శ్రీధర్. "ఒక్కసారికే వదిలేస్తారా ఎవరైనా?"

"నేను అడిగాను. వాడు నో అన్నాడు. మళ్లీ ఎందుకు అడగాలి?"

"అది నో కాదు, నాన్నా. మొహమాటం."

"మొహమాటం మీన్స్ వాట్?"

ఆవరణలో ఇంతమంది విద్యావంతులు ఉన్నారు. ఇద్దరు డాక్టరేట్లు కూడా ఉన్నారు. ఆ మాటకు ఇంగ్లీషు ఎవరికీ తట్టలేదు. అందరూ శ్రీధర్ వైపు చూశారు. కార్యదర్శి కూతురికే పెట్టడం రాలేదు. ఇక సమితి దేనికి? శ్రీధర్ చెమట తుడుచుకుని, బకెట్టులోంచి చేప తీసి నళిని చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుని, పెంగ్విన్ ముక్కు దగ్గరికి నెట్టాడు. పెంగ్విన్ వెనక్కి జరిగింది. ఇంకొంచెం నెట్టాడు.

"డాడీ, స్టాప్. వాడికి భయంగా ఉంది."

"ఒక్కటి. ఒక్కటి తింటే అయిపోతుంది."

పెంగ్విన్ ఒక్కటే చేసింది. శ్రీధర్ బొటనవేలు కొరికింది. ఆపరేషన్ తొడుగు చిరిగింది. పెంగ్విన్ కొలనులో పడింది. "చనువు ఏర్పడితేనే అలా కొరుకుతాయి," అని అనంతరామయ్యగారు శాస్త్రీయంగా వివరించారు. కేథీ మాత్రం బకెట్టు తీసుకుని, కార్యక్రమం అయిపోయిందని చెప్పింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది. మన ఆదరణ చూసి కదిలిపోయిందని భీమశంకర్ గ్రహించాడు.

వందన సమర్పణ జరుగుతుండగా నళిని తొడుగులు విప్పేసి, దూరంగా ఒక రాయి మీద కూర్చుంది. కాసేపటికి పసుపుపచ్చ పట్టీ పెంగ్విన్ నీళ్లలోంచి బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. ఉన్నవాళ్లలో తను వద్దంటే ఊరుకున్న మనిషి ఎవరో ఎంచుకుని, తడి కాళ్లతో తపతపా నడిచి వెళ్లి, ఆ పిల్ల పక్కన నిలబడింది. నళిని కదల్లేదు. అదీ కదల్లేదు.

సుమతి భర్త మోచెయ్యి పట్టుకుంది. "అటు చూడండి."

శ్రీధర్ చూశాడు. ఫోటోలు తీస్తున్న ఉదయ్‌ను పిలిచాడు. ఉదయ్ కెమెరాలోంచి ఒకసారి చూసి దించేశాడు.

"చేతిలో చేప లేదు కదండీ. ఏం జరుగుతోందని తియ్యను?"

పిక్నిక్ బల్లల దగ్గరికి నడుస్తున్నప్పుడు శ్రీధర్ బొటనవేలికి కట్టు ఉన్న చేత్తోనే కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "సారీ అమ్మా. ఇకనుంచి నువ్వు వద్దంటే నేను వింటాను."

"రియల్లీ?"

"రియల్లీ."

నళిని అతని ముఖం చూసింది. తరవాత ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

భోజనాల్లో పులిహోర, గోంగూర, గారెలు, బొబ్బట్లు ఉన్నాయి. నళిని తినవలసినంత తిని, కాగితం పళ్లేన్ని మడవబోయింది.

"చాలు, గ్రాండ్మా. థాంక్యూ," అంది.

"మొహమాటపడుతోంది," అని రాజేశ్వరమ్మగారు మడత విప్పి బొబ్బట్టు వేశారు. భీమశంకర్ భార్య గారె వేసింది. ఆమె వేసింది కాబట్టి జగన్మోహన్ భార్య రెండు వేసింది. నళిని పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు ఆంటీ. నిజంగా వద్దు."

"పొద్దున పెంగ్విన్‌కి పెట్టలేకపోయింది పాపం. ఆ బాధతో తినట్లేదు," అన్నాడు భీమశంకర్. "సెక్రటరీగారూ, మీరు పెట్టండి. మీ చేత్తో పెడితే తింటుంది."

బల్ల చుట్టూ అందరూ ఆగి చూశారు. పులిహోర గిన్నె శ్రీధర్ దగ్గరే ఉంది. గరిటె అతని చేతిలోనే ఉంది. నళిని అరచెయ్యి పళ్లెం మీదే ఉంది. తండ్రి వైపు చూసింది, అంతే. అతను అనవలసింది చాలా చిన్న మాట. వద్దంటోంది, వదిలెయ్యండి. అధ్యక్షుడు చూస్తున్నాడు. ఉపాధ్యక్షుడు చూస్తున్నాడు. సుమతి చూస్తోంది.

శ్రీధర్ నవ్వాడు.

"ఒక్క గరిటే, అమ్మా. పెద్దవాళ్లు అంతగా చెబుతుంటే," అని ఆమె చెయ్యి పక్కకు జరిపాడు.

నళిని తిన్నది. పూర్తిగా తిన్నది. తండ్రి వైపు మళ్లీ చూడలేదు. దూకడానికి అక్కడ కొలను లేదు. పిల్లకు మర్యాద తెలిసిందని అందరూ మెచ్చుకున్నారు.

శ్రీధర్ ఒక్క మాట అని ఉండవలసిందని మీకు అనిపిస్తోంది కదూ? అనిపించడం సహజం. కిందటిసారి మీ ఇంటికి వచ్చిన చుట్టం చాలని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసిన చెయ్యి ఎవరిదో కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.